స్తంభం వెనక నాలుగు సెకన్లు

మా అమ్మమ్మ కదులుతూ కనిపించే బొమ్మ ఈ లోకంలో ఒక్కటే ఉంది. దాని నిడివి 12 సెకన్లు. 1968లో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఇంగ్లండు నుంచి సెలవు మీద వచ్చిన మా పెద్దమామయ్య తిరుగు ప్రయాణమయ్యే రోజున తన 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీశాడు. నిజానికి తీసింది అమ్మమ్మని కాదు, అత్తయ్యనీ ఆమె చంకలో ఉన్న రెండేళ్ళ పిల్లవాణ్ణీ. అమ్మమ్మ వాళ్ళ వెనక నుంచి నడిచి వెళ్ళింది కాబట్టి మాకు దక్కింది.

తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉన్న ఆ ఇంటి వసారా అందులో కనిపిస్తుంది. అత్తయ్య నీలం గళ్ళ చీరలో మెట్లు దిగుతూ ఉంటుంది. వెనక ఎడమ పక్క నుంచి తెల్లచీర కట్టుకున్న మనిషి చేతిలో చెంబుతో వస్తుంది. వసారా స్తంభం దగ్గరికి వచ్చి దాని వెనక్కి వెళ్ళి ఆగిపోతుంది. 4 సెకన్లు కనబడదు. అత్తయ్య మెట్లు దిగి గేటు దాటాక, ఆ మనిషి స్తంభానికి కుడి పక్కన బయటికి వస్తుంది. అంతే. ఈ 12 సెకన్ల రీలు మా అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య చాలా ఏళ్ళు పడుకుని, ఒక దశాబ్దం క్రితం కంప్యూటర్‌లోకి ఎక్కింది. దుమ్ము చారలతో, తడబడే నడకతో ఉండేది. ఆ తడబాటుకే మేము అలవాటు పడ్డాం.

పోయిన సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు దాన్ని బాగు చేసి తెచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. "అత్తా, తాతమ్మ ఇప్పుడు మామూలు మనిషిలా నడుస్తుంది చూడు" అని పెద్ద టీవీలో పెట్టాడు. నిజమే. అత్తయ్య నిన్న తీసిన పెళ్ళి వీడియోలోలాగా మెట్లు దిగింది. పిల్లవాడి బుగ్గ అదిరింది. 77 ఏళ్ళ మా అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ముందుకు జరిగింది. తరవాత అమ్మమ్మ వచ్చింది. స్తంభం దగ్గరికి రాగానే ఒళ్ళు జలదరించే పని జరిగింది. ఆవిడ స్తంభం వెనక్కి వెళ్ళలేదు. తడి గోడకు కొట్టిన సున్నంలాగా భుజం ముందు, చెయ్యి తరవాత, ఆ స్తంభంలోకి ఇంకిపోయింది.

ఎందుకు ఇలా జరిగిందని వాణ్ణి అడిగాను. వాడు చెప్పింది విని, తరవాత నేను చదువుకుని తెలుసుకున్నదే ఈ వ్యాసం. నేను చరిత్ర చెప్పే మేష్టారమ్మని, సాంకేతిక నిపుణురాలిని కాదు. అయితే చదివే కొద్దీ ఇది నా సబ్జెక్టేనని తెలిసింది.

* * *

సినిమా కదలదు. కదిలేది మన కళ్ళ వెనక ఉన్న మెదడు. ఒక్కో క్షణాన్నీ విడివిడిగా పట్టిన నిశ్చల చిత్రాలను గబగబా వరసగా చూపిస్తే మధ్య ఖాళీలను మనమే పూడ్చుకుంటాం. మాటలొచ్చాక సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు ఖాయమయ్యాయి. అంతకుముందు ఒక లెక్కంటూ లేదు, 16 అటూ ఇటూ. మామయ్య కెమెరా కూడా సెకనుకు 16 ఫ్రేములే తీసేది. అంటే మా అమ్మమ్మ మొత్తం చరిత్ర 192 ఫ్రేములు.

మేనల్లుడి ప్రోగ్రాము ఆ 192లో పక్కపక్కనున్న ప్రతి రెండింటి మధ్యా మూడు కొత్త ఫ్రేములను సృష్టించి చొప్పించింది. 191 ఖాళీలు, ఒక్కోదానికి మూడు చొప్పున 573. ఇప్పుడు మేం చూస్తున్న 765 ఫ్రేముల్లో నాలుగింట మూడొంతులు ఎప్పుడూ ఏ కెమెరా ముందూ జరగనివి. ఆ మాట విన్నాక ఆ నున్నదనం నన్ను మొదటిసారి భయపెట్టింది.

యంత్రం వీటిని ఎలా కనిపెడుతుంది? ముందు ఫ్రేములో ఉన్న చుక్క తరవాతి ఫ్రేములో ఎక్కడికి పోయిందో వెతుకుతుంది. దీన్నే చలనాన్ని అంచనా కట్టడం అంటారు. చెంబు మీది మెరుపు ఇక్కడి నుంచి నాలుగు వేళ్ళు కుడికి జరిగితే, మధ్య ఫ్రేములో అది రెండు వేళ్ళు జరిగి ఉంటుందని లెక్క వేసి అక్కడ పెడుతుంది. బొమ్మ మొత్తం మీద ఇలా ప్రతి చుక్కకూ ఒక బాణం గీసి, బాణానికి సగం దూరంలో కొత్త బొమ్మను అల్లుతుంది. వినడానికి తేలికే. అయితే ఈ పని కంప్యూటర్ పుట్టక ముందు కూడా ఉంది. అప్పుడు మనుషులు చేసేవారు. ఆ మనుషులెవరో చూడకుండా యంత్రం సంగతి అర్థం కాదు.

* * *

సినిమా పుట్టిన తొలి ఏళ్ళలోనే ఫ్రేము ఫ్రేముకూ చేతితో పని చేసిన ఆడవాళ్ళున్నారు. పారిస్‌లో ఎలిజబెత్ థ్యూలియే అనే ఆమె నడిపిన రంగుల కార్ఖానాలో సుమారు 200 మంది స్త్రీలు సన్నని కుంచెలతో నలుపు తెలుపు ఫిల్ము మీద రంగులు అద్దేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. బొటనవేలి గోరంత బొమ్మ మీద ఒకామె అగ్గి మంటకు ఎరుపు పెడితే, పక్కామె గౌనుకు పసుపు పెట్టేది. జార్జ్ మెలియెస్ మాయా చిత్రాల రంగుల వైభవం చాలా వరకు వాళ్ళ చేతి చలవ. సినిమా చరిత్రలో మెలియెస్ పేరు మాంత్రికుడిగా నిలిచింది. ఆ 200 మంది కూలి లెక్కల్లో కలిసిపోయారు.

కార్టూన్ చిత్రాలు పరిశ్రమగా మారాక పని ముక్కలైంది. 1920లలో న్యూయార్క్‌లోని ఫ్లైషర్ స్టూడియోలో డిక్ హ్యూమర్ అనే మంచి యానిమేటర్ ఉండేవాడు. ఆయన సమయం విలువైనది కాబట్టి కదలికలో ముఖ్యమైన భంగిమలు మాత్రం ఆయన గీసేలా, మధ్యలో వచ్చే బొమ్మలు ఆర్ట్ డేవిస్ అనే సహాయకుడు పూర్తి చేసేలా ఏర్పాటు చేశారు. 'ఇన్‌బిట్వీనర్' అనే ఉద్యోగం అలా మొదలైందని యానిమేషన్ చరిత్రకారులు చెబుతారు. మొదలూ చివరా గీసినవాడు కళాకారుడు, నడుమ గీసినవాడు సహాయకుడు. ఈ విభజన మనకేమీ కొత్త కాదు. పెళ్ళి పెద్దలు ముహూర్తం పెడతారు, చివర అప్పగింతలు పెడతారు. నడుమ ఐదు రోజులు వంటింట్లో ఏం జరిగిందో శుభలేఖలో ఉండదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ నడుమ బొమ్మల పని కూడా చాలా కాలం ఆడవాళ్ళకు అందలేదు. ఎందుకంటే అది కుర్రవాళ్ళు యానిమేటర్లు కావడానికి ఎక్కే మొదటి మెట్టు. 1938లో డిస్నీ స్టూడియో ఒక యువతికి రాసిన జవాబు ఉత్తరం ఇవాళ అందరికీ తెలుసు. సృజనాత్మకమైన పని ఏదీ తమ దగ్గర ఆడవాళ్ళు చేయరనీ, అది పూర్తిగా యువకుల పనేననీ, ఆడవాళ్ళకు ఉన్నది సెల్యులాయిడ్ మీద సిరా గీత దిద్దడం, వెనక వైపు రంగు నింపడం మాత్రమేననీ అందులో మర్యాదగానే చెప్పారు. ఉత్తరం కింద సంతకం చేసింది కూడా ఒక స్త్రీయే. 1937లో వచ్చిన 'స్నో వైట్' మొత్తం ఇలా సిరా దిద్దిన, రంగు నింపిన స్త్రీల చేతుల మీదుగా వచ్చిందే.

గీత దిద్దడం సృజన కాదా? యానిమేటర్ పెన్సిలు గీత గరుగ్గా, నాలుగైదు గీతలు కలిసి ఉంటుంది. అందులో అసలు గీత ఏదో ఎంచుకుని, ఎక్కడ లావుగా ఎక్కడ సన్నగా పోవాలో చూసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో లాగాలి. పక్క బొమ్మలో వెంట్రుక వాసి తేడా వస్తే తెర మీద ముఖం వణుకుతుంది. ముగ్గు వేసే చేతికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

గోడలో పగుళ్ళు రాకపోలేదు. 1930లలో ఫ్లైషర్ స్టూడియోలో లిలియన్ ఫ్రీడ్‌మన్ కింది పని నుంచి పైకొచ్చి యానిమేటర్ అయింది. అమెరికా స్టూడియోల్లో తొలి మహిళా యానిమేటర్‌గా ఆమెను చెబుతారు. బెట్టీ బూప్, పొపాయ్ బొమ్మలకు ప్రాణం పోసినా చాలా చిత్రాల్లో ఆమె పేరు పడలేదు. 1941 ఫిబ్రవరిలో, సమ్మెకు కొద్ది నెలల ముందు, వాల్ట్ డిస్నీ ఉద్యోగుల సభలో మాట్లాడుతూ ఆడవాళ్ళకు నడుమ బొమ్మల పనిలో శిక్షణ ఇస్తున్నందుకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మగవాళ్ళ ఉద్యోగాలు చవక చేతుల్లోకి పోతాయన్న గుబులు స్టూడియోలో ఉంది మరి. 1942లో వచ్చిన 'బాంబి'లో వేటకుక్కల దృశ్యాన్ని గీసిన రెటా స్కాట్ డిస్నీ చిత్రంలో యానిమేటర్‌గా పేరు పడిన మొదటి స్త్రీ. తర్వాత 1961లో 'నూటొక్క డాల్మేషన్లు' చిత్రంతో పెన్సిలు గీతను నేరుగా సెల్యులాయిడ్ మీదికి ఎక్కించే జిరాక్స్ పద్ధతి వచ్చింది. సిరా దిద్దే స్త్రీల పని చాలా మేరకు ఒక్క దెబ్బతో పోయింది. యంత్రం ముందుగా మింగేది ఎవరి పనికి కళ అనే పేరు పెట్టలేదో వాళ్ళ పనినే.

నడుమ బొమ్మల వంతు తర్వాత వచ్చింది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలి వైన్ అనే ఇద్దరు, కళాకారుడు మొదటి బొమ్మా చివరి బొమ్మా గీస్తే మధ్యవన్నీ కంప్యూటరే గీసే ఏర్పాటు చేశారు. దానితో పీటర్ ఫోల్డెస్ 1974లో 'ఆకలి' అనే చిన్న చిత్రం తీశాడు. కాన్స్‌లో బహుమతి పొందింది. తినీ తినీ ఉబ్బిపోయిన మనిషి కథ. అందులో బొమ్మలు ఒకదాన్నుంచి ఇంకొకదానికి కరిగిపోతూ మారతాయి. ఆ కథకు ఆ కరగడం బాగా కుదిరింది. కానీ మామూలు నడకకు అది కుదరదు. ఎందుకంటే యంత్రం ఇక్కడి నుంచి అక్కడికి సూటిగా గీత గీస్తుంది. మనిషి చెయ్యి సూటిగా పోదు. భుజం చుట్టూ విల్లులా వంగి పోతుంది, బయల్దేరేటప్పుడు నెమ్మదిస్తుంది, ఆగేటప్పుడు నెమ్మదిస్తుంది. తల తిప్పే మనిషి మధ్యలో ఒకసారి రెప్ప వేస్తుంది. ఈ రెప్పపాటు మొదటి బొమ్మలోనూ ఉండదు, చివరి బొమ్మలోనూ ఉండదు. నడుమ గీసే మనిషికి మాత్రమే తెలుస్తుంది. సహాయకుల పని అని తేలిక చేసిన చోట ఇంత తెలివి ఉందని, యంత్రం చేయలేకపోయినప్పుడు కానీ బయటపడలేదు.

ఆ పని ఖరీదు తగ్గించే వెతుకులాటలో స్టూడియోలు నడుమ బొమ్మలను జపానుకు, కొరియాకు, ఫిలిప్పీన్స్‌కు పంపాయి. 1990లకల్లా హైదరాబాద్‌లోనూ విదేశీ కార్టూన్లకు పని చేసే సంస్థలు వెలిశాయి. కీలకమైన బొమ్మలు అక్కడ, నడుమవి ఇక్కడ. ఒక దేశం ఇంకో దేశానికి ఇన్‌బిట్వీనర్ కావడమన్నమాట.

* * *

ఇక మా మేనల్లుడి ప్రోగ్రాము వంశవృక్షం వేరే కొమ్మది. గీసిన బొమ్మ కాకుండా, కెమెరా పట్టిన లోకంలో ఏది ఎటు కదిలిందో యంత్రమే చూసి చెప్పాలి. 1981లో ఈ విషయం మీద మూడు ముఖ్యమైన పరిశోధనా పత్రాలు వచ్చాయి. ఒకటి హార్న్, షంక్‌లది. రెండోది లూకస్, కనాడేలది. మూడోది జశ్వంత్ జైన్, అనిల్ జైన్‌లది. మూడోది చదవడానికి అన్నిటికన్నా తేలిక. బొమ్మను చిన్నచిన్న చదరపు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా పక్క ఫ్రేములో ఎక్కడ అచ్చంగా సరిపోతుందో వెతకడం. జిగురు బిళ్ళల ఆటలాంటిది.

ఈ ఆట మన ఇళ్ళలోకి తెలియకుండానే వచ్చింది. 1990ల చివర్లో, 2000లలో మనం వీధి చివరి షాపులో అద్దెకు తెచ్చుకున్న వీసీడీలు ఈ పద్ధతి మీదే నడిచేవి. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచకుండా, కొన్నిటిని మాత్రం పూర్తిగా దాచి, మిగతావాటికి "ఈ ముక్క అక్కడి నుంచి ఇక్కడికి జరిగింది" అనే సమాచారం, మిగిలిన కాస్త తేడా దాచేవారు. అందుకే డిస్కు మీద గీత పడితే సావిత్రి ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయేది. 1990ల మధ్యలోనే ఫిలిప్స్ కంపెనీ లేని ఫ్రేములను పుట్టించి చూపే టీవీలు తెచ్చింది. ఇప్పుడు చాలా టీవీల్లో ఆ సదుపాయం ఉంది. దానివల్ల సినిమా సీరియల్‌లా కనబడుతోందని 2018లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ప్రేక్షకులను బతిమాలుకున్నారు. పాత చిత్రాల సంగతి వేరు. వాటి తరఫున బతిమాలేవాళ్ళు లేరు.

ఆ 1981 పద్ధతులన్నీ కొన్ని నమ్మకాల మీద నిలబడ్డాయి. ఒకటి, చుక్క జరిగినా దాని వెలుగు మారదు. రెండు, పక్కపక్కనున్న చుక్కలు కలిసే కదులుతాయి. మూడు, మొదటి ఫ్రేములో ఉన్నది రెండో ఫ్రేములోనూ ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఇవి చాలాసార్లు నిజమే. నిజం కానప్పుడే చిక్కు. అత్తయ్య చీరలో ఒక గడి పక్క గడిలాగే ఉంటుంది. ఏ గడి ఎటు పోయిందో యంత్రానికి తెలియక, మా కొత్త వీడియోలో చీర మడతల మీద గళ్ళు చీమల్లా పాకుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు మూడో నమ్మకంతో. ఒక వస్తువు ఇంకొకదాని వెనక్కి వెళ్ళినప్పుడు దాని చుక్కలు తరవాతి ఫ్రేములో ఎక్కడా ఉండవు. ఇక్కడ యంత్రం ఎక్కువగా తప్పటడుగు వేస్తుంది. 2019లో వచ్చిన 'డైన్' అనే పద్ధతి, ఏది దగ్గరుందో ఏది దూరముందో ఊహించి, దగ్గరున్నదే ముందు కనబడాలనే సూత్రంతో ఈ చిక్కును తగ్గించజూసింది. ఇటీవలి ప్రోగ్రాములకు శిక్షణ ఇచ్చే తీరు మరీ ఆసక్తిగా ఉంటుంది. వరసగా మూడు ఫ్రేములు తీసుకుని, నడిమిదాన్ని దాచేసి, అటూ ఇటూ చూసి దాన్ని కనిపెట్టమంటారు. తప్పితే దిద్దుతారు. ఇంటర్నెట్ వీడియోల నుంచి తీసిన ఇలాంటి మూడేసి ఫ్రేముల ముక్కలు 73 వేలకు పైగా ఉన్న ఒక భాండారం మీద ఎన్నో ప్రోగ్రాములు నేర్చుకున్నాయి. ఈ కాలపు కెమెరాలు ఈ కాలపు మనుషులను పట్టినవి అవి. వాటి నుంచి సగటు నేర్చుకున్న యంత్రం, 1968 నాటి వసారాకు ఆ సగటును పూసింది.

అమ్మమ్మ కట్టింది తెల్లచీర. స్తంభానికి పండగకు కొట్టిన తెల్లసున్నం. వెలుగులో రెంటికీ తేడా లేదు. ఏ చుక్క మనిషిదో, ఏ చుక్క స్తంభానిదో యంత్రం తేల్చుకోలేక రెంటినీ కలిపేసింది. అత్తయ్యకు ఆ గతి పట్టలేదు. ఆమెకు రంగుంది.

అమ్మమ్మకు 34 ఏళ్ళ వయసులో తాతయ్య పోయాడు. ఆ రోజు నుంచీ తెలుపే.

* * *

ఇలాంటి నున్నని నడకలు ఇవాళ లోకమంతా పాత చిత్రాలకు పూస్తున్నారు. 2018లో పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచయుద్ధపు చిత్రాలను రంగులద్ది, నేటి వేగానికి సాగదీసి పూర్తి నిడివి సినిమాగా తెచ్చాడు. 2020 ఫిబ్రవరిలో డెనిస్ షిర్యాయెవ్ అనే అతను ల్యూమియేర్ సోదరులు తీసిన రైలు బొమ్మను 'డైన్'తో సెకనుకు 60 ఫ్రేములకు పెంచితే చాలా మందికి ఆ వార్త చేరింది. ల్యూమియేర్‌ల మరో చిత్రానికి కూడా అలాంటి రూపాలు వచ్చాయి. నా మనసు ఆగింది ఆ చిత్రం దగ్గరే.

1895లో లియోన్ నగరంలో తమ ఫోటో ప్లేట్ల ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కెమెరా పెట్టి, పని దిగి వచ్చే కార్మికులను ల్యూమియేర్‌లు తీశారు. మొత్తం మూడు సార్లు తీశారు. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో జనం డబ్బిచ్చి చూసిన తొలి ప్రదర్శనల్లో అది ఉంది. 50 సెకన్లు కూడా ఉండదు. గేటులోంచి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే. పొడుగు గౌన్లు, టోపీలు. ఒకామె పోతూ పోతూ పక్కామె గౌను పట్టి లాగుతుంది. స్నేహమో, పరాచకమో. సినిమా చరిత్ర మొదటి ఫ్రేములోనే శ్రామిక స్త్రీలున్నారు. తెర మీద వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. సినిమాకు తమ పేరు పెట్టుకున్నది యజమానులు.

ఆ గౌను లాగడం పాత చిత్రంలో కొన్ని ఫ్రేములే. చెయ్యి ఇక్కడుంది, తర్వాత అక్కడుంది. మధ్యలో లాగిన వేగం, కసి, నవ్వు మన ఊహకు వదిలేస్తుంది. నున్నని రూపంలో ఆ ఊహ కూడా యంత్రమే చేసి పెడుతుంది. వాళ్ళు మన వీధిలో మనుషుల్లా దగ్గరైన మాట నిజం. నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషాన్ని నేను కొట్టిపారేయను. బొమ్మలాటలా గబగబా పరిగెత్తి నవ్వు పుట్టించే పాత చిత్రాలు ఆ కాలపు మనుషులను కూడా మన ముందు బొమ్మల్లా నిలబెట్టాయి. దానికన్నా ఇది మేలే అనిపిస్తుంది. కాకపోతే ఆ చేతి ఊపులో ఎంత ఆమెది, ఎంత యంత్రానిది అనేది చూసేవాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

* * *

మళ్ళీ మా ఇంటికి వస్తాను. అమ్మమ్మ స్తంభంలో కరిగిపోవడం చూసి మేనల్లుడు నొచ్చుకున్నాడు. "దీనికీ మందుంది అత్తా. ఈ మధ్య వచ్చిన వాటితో స్తంభాన్నే తీసేయొచ్చు. అటు వెళ్ళేటప్పుడూ ఇటు వచ్చేటప్పుడూ తాతమ్మ ఉంది కదా. మధ్యలో నాలుగు సెకన్లు అదే నింపేస్తుంది. వసారాలో నడిచి వెళ్ళినట్టు ఉంటుంది. కావాలంటే నవ్వినట్టు కూడా చెయ్యొచ్చు."

వాడిది ప్రేమే. ఒప్పుకునేదాన్నే. అంతలో అమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నడిచి వెళ్ళడమేమిట్రా? ఆవిడ కావాలనే వెళ్ళి నిలబడింది. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకు తను ఎదురు రాకూడదని."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేనే అడిగాను, కొడుకూ కోడలూ మనవడూ మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తారో తెలియని ప్రయాణం కదా, వాళ్ళు వెళ్ళడం చూడలేదా అని.

"స్తంభం పక్క నుంచి తొంగి చూసే ఉంటుంది. ఏ తల్లి చూడదు?" అని, మళ్ళీ తనే, "ఏమో. చూసిందో లేదో నాకేం తెలుసు. నేను కారు దగ్గరున్నాను" అంది.

అమ్మ కూడా ఒక ఫ్రేము గీసి, తనే చెరిపేసింది. చరిత్ర రాసేవాళ్ళకు ఇంతకన్నా మంచి పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మనం చేసే పని కూడా ఇదే కదా. ఒక స్త్రీ ఒక రికార్డులో కనబడుతుంది. ఇరవై ఏళ్ళకు ఇంకో రికార్డులో కనబడుతుంది. మధ్య ఏమైందో తెలియదు. అక్కడి నుంచి ఇక్కడికి సూటిగా గీత గీసి, "ఆ తర్వాత ఆమె గృహజీవితంలో స్థిరపడింది" అని ఒక వాక్యం పడేస్తాం. పక్కపక్కనున్నవాళ్ళు కలిసే కదులుతారని నమ్మి, భర్త ఎటు పోతే భార్యను అటు జరిపేస్తాం. కనబడనిది జరగలేదనుకుంటాం. 1981 నాటి నమ్మకాలు మూడూ చరిత్ర రచనలో అంతకు ముందు నుంచే ఉన్నాయి. పితృస్వామ్య చరిత్రకు ఇలాంటి నున్నదనమంటే మహా ఇష్టం.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చేసింది దీనికి ఎదురు పని. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఉద్యమ చరిత్రలో అక్కడొకరు ఇక్కడొకరుగా కనబడి మాయమవుతారు. ఆ ఖాళీలను ఊహతో పూడ్చకుండా ఆ పుస్తకం వెళ్ళి వాళ్ళనే అడిగింది. చెప్పినది చెప్పినట్టు, వాళ్ళ యాసలో, తడబాట్లతో సహా దాచింది. పోరాటం అయిపోయాక ఇళ్ళకు వెళ్ళమన్నప్పుడు కలిగిన నొప్పి అలాగే బయటికొచ్చింది. మాయం కావడం కాకతాళీయం కాదని, దానికొక కారణం ఉందని అప్పుడు తెలిసింది.

అడగడానికి మనిషి లేనప్పుడు ఏం చేయాలి? అమ్మమ్మ 1983లోనే పోయింది. అప్పుడు నాకు 13 ఏళ్ళు. ఆమెను ఏమీ అడగలేదు. అడగాలని కూడా తెలియదు. అందుకే నాకు ఆ స్తంభం కావాలి. స్తంభం తీసేసి నడిపిస్తే, నవ్విస్తే, ఆమె కనబడకుండా పోయిన నాలుగు సెకన్లు పోతాయి. వాటితో పాటు, కన్నకొడుకు ప్రయాణానికి తనే అపశకునమని ఒక తల్లి చేత నమ్మించిన లోకం కూడా మాయమవుతుంది. ఆమెను కనిపించేలా చేస్తున్నామనుకుంటూ ఆమె దాక్కోవలసి వచ్చిన సంగతిని చెరిపేస్తాం. ఖాళీ కూడా సాక్ష్యమే. మా అమ్మమ్మ గురించి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆ 64 ఫ్రేములే, వాటిలో ఆమె లేదు కాబట్టి.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు తల గోక్కుని, "మరి ఈ స్మూత్ చేసింది డిలీట్ చెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. అందులో అత్తయ్య మెట్లు దిగే తీరు, పిల్లవాడి బుగ్గ అదరడం అమ్మకు నచ్చాయి. ఆ సంతోషం తీసేసే హక్కు నాకు లేదు. రెండూ ఉంచమన్నాను. అయితే కొత్తదాని మొదట్లో తెలుగులో ఒక పలక పెట్టించాను. "ఇందులో 192 ఫ్రేములు 1968లో తీసినవి. మిగిలిన 573 కంప్యూటర్ ఊహించినవి. స్తంభం దగ్గర ఊహ తప్పింది" అని.

అమ్మ అది చదివి, ఇంకో మాట కలపమంది. వాడు టైపు చేస్తుంటే పక్కన కూర్చుని అక్షరం అక్షరం చెప్పింది. పలక మీద ఇప్పుడు చివరి వాక్యం అదే. "స్తంభం వెనక ఉన్నది మా అమ్మ." ఆ కింద ఆమె పేరుంది.